న్యూయార్క్ మంచు: హాసమ్ వీధి, హెన్రీ వీధి

రెండు వర్ణచిత్రాలు: ఊరు ఒకటే, మధ్య రెండేళ్ల తేడా. అమెరికన్ చిత్రకారుడు చైల్డ్ హాసమ్ 1900లో వేసిన 'లేట్ ఆఫ్టర్‌నూన్, న్యూయార్క్, వింటర్' బ్రూక్లిన్ మ్యూజియంలో ఉంది. మరో అమెరికన్ చిత్రకారుడు రాబర్ట్ హెన్రీ 1902లో వేసిన 'స్నో ఇన్ న్యూయార్క్' వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

హాసమ్ పారిస్‌లో చదువుకుని వచ్చిన ఇంప్రెషనిస్టు, అంటే ఆ క్షణపు వెలుతురును రంగుల్లో పట్టే చిత్రకారుడు. మునిమాపు వేళ మంచుకు నీలం, ఊదా రంగులు అద్ది, మేడలను అందులో కరిగించేశాడు. గుర్రపు బగ్గీలు కూడా మసకలో మెత్తబడిపోతాయి. చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. కానీ ఆ వీధిలో నడిస్తే కాళ్లు తడుస్తాయని మాత్రం అనిపించదు.

హెన్రీ ఆ సొగసుతో విసిగిన చిత్రకారుల వర్గానికి పెద్దదిక్కు. కాన్వాసు మీద మార్చి 5, 1902 అని తేదీ ఉంది. ఒక్క విడతలోనే వేసి ఉంటాడని అంచనా. దగ్గరికి వెళ్లి చూడండి: బండి చక్రాలకు పసుపుపచ్చ బురద, చక్రాల చాళ్లలో బూడిదరంగు మంచు రొచ్చు. ఇరుపక్కలా మామూలు ఇళ్లు, వాటి వెనక ఎత్తయిన భవనాలు. అలంకారం అసలే లేదు.

గోడకు అచ్చు ప్రతి కావాలంటే హాసమ్‌దే కొనుక్కోండి, గదికి అందం. నేనైతే హెన్రీ బొమ్మ ముందే ఎక్కువసేపు నిలబడతాను.