బాలానగర్‌లో మెగ్నీషియం హీట్ ట్రీట్‌మెంట్: ఏడాది వాడాక నా రివ్యూ

మెగ్నీషియం కాస్టింగ్ (పోతపోసిన ముక్క) తెచ్చామనగానే చాలా హీట్ ట్రీట్‌మెంట్ షాపుల వాళ్ళు, అంటే లోహాన్ని ఫర్నెస్‌లో వేడి చేసి గట్టిపరిచే వాళ్ళు, చేతులెత్తేస్తారు, లోపల నిప్పంటుకుంటుందేమోనని భయం. హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న షాపు మాత్రం చేస్తుంది. ఏడాదిగా అక్కడికే పంపుతున్నాం. నాలుగు స్టార్లు ఇస్తాను.

ముందు మా తిప్పలు చెప్పాలి. పరీక్షలకి వాడే టెస్ట్ రిగ్ గేర్‌బాక్స్ కవర్‌ని ఏజెడ్ 91 అనే మెగ్నీషియం అలాయ్‌తో (మిశ్రమలోహంతో) పోయించాం. ఆయిల్ 150 డిగ్రీలకు వెళ్తుంది. వారం తిరక్కుండానే బోల్టులు వదులు, అంచు చుట్టూ ఆయిల్ చెమ్మ. విప్పి చూస్తే బోల్టు తల కింద వాషర్ దిగబడి గుండ్రంగా గుంట, వేలితో తడిమితే తెలిసేంత. వేరే చోట అడిగితే "టీ6 చేద్దాం, గట్టి పడ్తది సార్" అన్నారు (టీ6 అంటే బాగా వేడి చేసి, చల్లార్చి, మళ్ళీ తక్కువ వేడిలో ఉంచడం), చేశారు, హార్డ్‌నెస్ నిజంగానే పెరిగింది, బోల్టులు మాత్రం మళ్ళీ వదులే.

ఈ షాపు సూపర్‌వైజర్ రేటు మాట ఎత్తకముందే "ఇది ఎంత వేడిలో పని చెయ్యాలె?" అని అడిగారు. 150 అనగానే నవ్వేశారు. "పైసలిస్తే తీసుకుంటా సార్, బోల్టులు నా మాట వినవు కదా."

ఆయన చెప్పింది ఇదీ. ఏజెడ్ 91ని 413 డిగ్రీల దగ్గర 16 గంటలకు పైగా ఉంచితే మెగ్నీషియం, అల్యూమినియం కలిసి ఏర్పడ్డ గట్టి కణాలు కరిగిపోతాయి, తర్వాత 168 దగ్గర గంటల తరబడి ఉంచే ఏజింగ్‌లో మళ్ళీ బయటికొచ్చి బలం ఇస్తాయి, కానీ 120 దాటితే అవే మెత్తబడి ముతకబారతాయి కాబట్టి క్రీప్‌ని, అంటే వేడిలో నొక్కుడుకి లోహం మెల్లగా కుంగిపోవడాన్ని, ఆపలేవు. చల్లగా ఉన్నప్పుడు కొలిచిన హార్డ్‌నెస్ చూసి మేము మురిసిపోయాం, అంతే.

మార్చాల్సింది అలాయ్‌నే అన్నారు. ఇట్రియం, నియోడిమియం అనే లోహాలు కలిసిన డబ్ల్యూఈ 43 అనే మెగ్నీషియం అలాయ్‌కి మారాం, కాస్టింగ్ ఖర్చు చూసి మా ఓనర్‌కి రెండు రోజులు నిద్ర పట్టలేదు. దానికి టీ6 అంటే 525 దగ్గర 8 గంటలు, వేడి నీళ్ళలో ముంచి చల్లార్చడం (క్వెంచ్), 250 దగ్గర 16 గంటల ఏజింగ్. ఏజింగే 250లో అయిన ముక్కకి 150 డిగ్రీల ఆయిల్ ఒక లెక్కా? కొత్త కవర్ ఎక్కించి ఏడు నెలలైంది, మొన్న బిగుతు కొలిచే టార్క్ రెంచ్ పెట్టి చూస్తే ఒక్క బోల్టూ కదల్లేదు.

ఇక ఆ ఒక్క స్టార్ ఎందుకు కోశానంటే, మొదటి బ్యాచ్‌లో ఒక కవర్‌కి మధ్యలో సపోర్ట్ పెట్టకుండా రెండు చివర్ల మీద ఆనించారు. 525 దగ్గర సొంత బరువుకే కుంగి విల్లులా వచ్చింది. క్రీప్ తగ్గించుకుందామని వెళ్తే ఫర్నెస్‌లోనే క్రీప్! తప్పు ఒప్పుకుని ఆ లోడ్‌కి డబ్బు తీసుకోలేదు, ఇప్పుడు అడుగున ఆసరాగా ఫిక్స్చర్ పెడుతున్నారు. ఇంకోటి, ఫర్నెస్ నిండేదాకా లోడ్ వెయ్యరు, రెండు రోజులన్నది వారం అవుతుంది. ఫర్నెస్ వేడి రికార్డయిన చార్ట్ కూడా అడిగితేనే ఇస్తారు, తప్పకుండా అడగండి.

వెళ్ళేముందు బోల్టు రంధ్రాల్లో చిప్స్ (డ్రిల్లింగ్‌లో రాలిన లోహపు పొట్టు) లేకుండా ఎయిర్ కొట్టి తీసుకెళ్ళండి. కాస్త పొట్టు కనపడినా గేటు దగ్గరే వెనక్కి పంపేస్తారు, మమ్మల్ని రెండుసార్లు పంపారు. పొట్టు అంటుకుంటే ఆర్పడానికని ఫర్నెస్ పక్కన పెట్టిన పొడి ఇసుక డబ్బాలు చూశాక నాకూ కోపం రాలేదు.