ఆరేళ్ల వాయిస్ టైపింగ్: చెయ్యి బాగుపడింది, గుట్టు పోయింది

“అతను ఆమె చేతిని తన చేతుల్లోకి తీసుకుని గ్యాస్ బుక్ చేశావా అన్నాడు.”

ఒక మాసపత్రికకి పంపిన అనుబంధ నవలలో ఈ వాక్యం ఇలాగే వెళ్లిపోయింది. సబ్ ఎడిటర్ ఫోన్ చేసి చాలా మర్యాదగా, “మేడమ్, ఇక్కడ హీరో గ్యాస్ గురించి అడుగుతున్నాడు. కావాలనే రాశారా, తీసెయ్యమంటారా?” అన్నాడు. అడిగింది హీరో కాదు, మా ఆయన. నేను వరండాలో ఫోన్ పట్టుకుని నవల చెబుతుంటే వంటింట్లోంచి కేకేశారు. ఫోన్ ఇద్దరి మాటలూ కలిపి రాసేసింది.

వాయిస్ టైపింగ్ ఎలా ఉందని తోటి రచయిత్రులు అడుగుతూనే ఉన్నారు కాబట్టి, ఆరేళ్లు వాడాక నాకు తెలిసింది చెబుతాను. నేను చెప్పేది ఫోన్ కీబోర్డులో ఉండే మామూలు మైకు గురించే. తెలుగులో మాట్లాడితే రాసిపెట్టే సౌకర్యం ఫోన్లలోకి 2017లోనే వచ్చినా, 2019 దాకా నేను దాని జోలికి పోలేదు. ఆ ఏడాది కుడి బొటనవేలి మొదలు దగ్గర వాచి, పెన్ను పట్టుకుంటే ప్రాణం పోయేది. మూడు నెలలు రాత బంద్ అన్నాడు డాక్టరు. అప్పటికి ఒక ఆన్‌లైన్ యాప్‌లో నా సీరియల్ నడుస్తోంది. వారపత్రిక అయితే వారానికొకసారి ఇస్తే చాలు. ఇక్కడ రోజూ ఒక భాగం పడాలి, వెయ్యి పదాలకి తగ్గకూడదు, రెండు రోజులు ఆలస్యమైతే “అక్కా, ఏమైంది, ఒంట్లో బాలేదా” అని పాఠకుల మెసేజ్‌లు. మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు మైకు గుర్తు చూపించి, “అమ్మా, ఇక్కడ నొక్కి మాట్లాడు” అన్నాడు. అలా మొదలైంది.

ముందు లెక్క చెబుతాను. చేత్తో గంటకి రెండు ఠావులు రాసేదాన్ని, అంటే అయిదారు వందల పదాలు. నోటితో గంటకి పదిహేను వందలు వస్తాయి. మూడింతలు అని సంబరపడకండి, దిద్దడానికి ఇంకో గంట. కామా ఉండదు, ఫుల్‌స్టాప్ ఉండదు, ఎవరి మాట ఎక్కడ ఆగిందో తెలియదు. నేను “కామా” అంటే అది బుద్ధిగా కామా అనే మాటే రాస్తుంది. ఆలోచించుకోవడానికి నాలుగు క్షణాలు ఆగితే మైకు ఆరిపోతుంది. ఇంకా చెబుతూనే ఉంటాం, అది మాత్రం వినడం మానేసి చాలాసేపయి ఉంటుంది. మధ్యలో ఫోన్ వస్తే అంతే సంగతులు.

మామూలు తెలుగు బాగానే పట్టుకుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. ఆఫీసు, బస్సు, హాస్పిటల్ సీన్లు దాదాపు తప్పులు లేకుండా వస్తాయి. కాకపోతే ఇంగ్లీషు మాట ఒకసారి తెలుగు అక్షరాల్లో పడితే ఇంకోసారి ఇంగ్లీషు అక్షరాల్లోనే పడుతుంది. నా పని ఎక్కడ చెడుతుందంటే, నవలకి ప్రాణమైన మాటల దగ్గర. “కినుకగా చూసింది” అంటే “కనుక చూసింది” అని రాస్తుంది. “పైట సర్దుకుంది” కాస్తా “బయట సర్దుకుంది” అవుతుంది. నా నవలలో అత్తగారి పాత్ర శ్రీకాకుళం మనిషి. ఆవిడ “ఏటి సేస్తన్నావు” అంటే ఫోన్ దాన్ని “ఏంటి చేస్తున్నావు” అని శుద్ధి చేసి పెడుతుంది. తప్పు విన్నా బాధ లేదు గానీ, దిద్దితేనే మండుతుంది. ఆవిడ నోట్లో మాట మార్చే హక్కు నాకే లేదు, దానికెక్కడిది? ఆ పాత్ర మాటలన్నీ చేత్తోనే టైపు చేసుకుంటాను.

అక్షరాల తప్పులు ఎలాగూ దిద్దుకుంటాం. అసలు సంగతి వేరే ఉంది. ఇది కొన్నప్పుడు ఎవరూ చెప్పరు, అంటే కొనేదేమీ లేదనుకోండి.

మాది విజయవాడ పటమటలో రెండో అంతస్తు ఫ్లాట్. పక్క ఫ్లాట్ వరండాకీ మా వరండాకీ మధ్య ఒక గ్రిల్ అడ్డం. మొదటి నెలలోనే ఒక సీన్ చెబుతున్నాను: “ఇరవై ఏళ్లు ఈ ఇంటికి ఊడిగం చేశాను. నాకంటూ ఏం మిగిలింది? ఇక చాలు. వెళ్లిపోతున్నాను.” ఊడిగం అనే మాట దానికి అర్థం కాలేదు. ఒకసారి ఉద్యోగం అంది, ఒకసారి ఊరికే అంది. మూడుసార్లు, గొంతు పెంచుతూ చెప్పాను. సాయంత్రం పక్కింటి పిన్నిగారు గిన్నెలో గోంగూర పచ్చడి పట్టుకొచ్చారు. సోఫాలో పేపరు చదువుతున్న మా ఆయన వంక ఒక చూపు చూసి, నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి, “తొందరపడకమ్మా, పిల్లాడి పెళ్లి కావాల్సి ఉంది” అన్నారు.

అది నా నవలలో మాట అని చెబితే ఆవిడ ఒక పట్టాన నమ్మలేదు. నమ్మాక ఇంకో చిక్కు వచ్చింది. ఆవిడ రోజూ వినడం మొదలుపెట్టారు. లిఫ్టు దగ్గర కనబడితే “ఆ పిల్ల వెళ్లిపోయిందా, ఆగిందా?” అని అడిగేవారు. ఎడిటర్ కన్నా ముందు నా కథ ఆవిడకి తెలుసు. పదకొండో భాగంలో ఆడపిల్ల నగలు పుట్టింట్లో దాచుకుంటుందని చెబితే, “ఎవరైనా అలా చేస్తారా, బ్యాంకు లాకర్‌లో పెడుతుంది గానీ” అన్నారు. మార్చాను. ఆవిడ అన్నది నిజమే మరి.

పెన్నుతో రాసే రోజుల్లో ఇదేమీ లేదు. డైనింగ్ టేబుల్ మీద ఒక పక్క చిక్కుడుకాయలు, ఒక పక్క రాత అట్ట. చూసినవాళ్లు పాల లెక్క రాస్తోందనుకునేవారు. ఎదురుగా మా అత్తగారు కూర్చుని ఉండగానే ఒక అత్తగారి గురించి పేజీలకి పేజీలు రాశాను. 1960, 70ల్లో మన వారపత్రికలు రచయిత్రుల సీరియళ్ల మీద నడిచాయి. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, రంగనాయకమ్మ పేర్లు మా అమ్మ నోట రోజూ వినబడేవి. ఆడవాళ్ల నవలలకి గిరాకీ ఎంతంటే కొందరు మగవాళ్లు ఆడపేర్లు పెట్టుకుని రాశారు. అప్పట్లో పత్రికకి పంపాలంటే కాగితానికి ఒకవైపే రాయాలి, మార్జిన్ వదలాలి, కాపీ దగ్గర పెట్టుకోవాలి. ఆ తరం రచయిత్రులని ఈ మైకు ముందు కూర్చోబెడితే ఎన్ని నవలలు పుట్టకుండా పోయేవో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఇంటినిండా మనుషులున్నా కాగితం మీద ఏం రాయాలన్నా రాసుకోవచ్చు. మైకుకి మాత్రం ఎవరూ లేని గది కావాలి. మా ఇంట్లో నాకు అలాంటి గది లేదు.

వెతగ్గా వెతగ్గా దొరికింది: సెల్లార్‌లో మా కారు. మధ్యాహ్నం రెండున్నరకి కిందికి దిగి, వెనక సీట్లో కూర్చుని, అద్దాలు ఎక్కించి గంటసేపు చెబుతాను. డిసెంబరు, జనవరి హాయిగా ఉంటుంది. మే నెలలో బెజవాడ ఎండకి ఆ సెల్లార్‌లో పావుగంట కూడా కూర్చోలేం. వాచ్‌మన్ భార్య మొదట్లో “అమ్మగారు ఫోన్‌లో ఎవరితోనో పోట్లాడుతున్నారు” అనుకుందట. ఇప్పుడు నేను దిగితే మోటారు ఆపి, పిల్లల్ని అవతలికి తోలుతుంది.

కారులో కూడా చెప్పలేనివి ఉన్నాయి. ముద్దు సీను నోటితో చెప్పి చూడండి, తెలుస్తుంది. ఒంటరిగా ఉన్నా గొంతు పెగలదు. “అతని ఊపిరి ఆమె మెడకి తగిలింది” అని పైకి అనుకుంటే నాకే నవ్వొచ్చింది. నాకు తెలియకుండానే అలాంటి చోట్ల గబగబా దాటేయడం అలవాటైంది. “ఈమధ్య మీ నవలల్లో మొగుడూ పెళ్లాలు మరీ అన్నాచెల్లెళ్లలా ఉంటున్నారు” అని ఒక పాఠకురాలు రాసేదాకా గమనించనే లేదు. వర్ణనలు కూడా పలచబడ్డాయి. బదులుగా సంభాషణలు బాగుపడ్డాయి, ఇది మాత్రం ఖాయం. నోటికి తిరగని మాట కాగితం మీదికి రావడం మానేసింది. పాత నవలల్లో నా పాత్రలు ఉపన్యాసాలిచ్చేవి, ఇప్పుడు గొడవపడుతున్నాయి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి రెండు ముక్కలు. వైరు ఇయర్‌ఫోన్ మైకు నోటికి దగ్గరగా పెట్టుకోండి, మిక్సీ ఆగేదాకా ఆగండి. ఒక్కో పేరా అవగానే వేరేచోట దాచుకోండి. అచ్చుకి ఇచ్చేటప్పుడు ప్రెస్ వాళ్ల పాత డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కూర్చే) ఫాంటులోకి మార్చాక ఒత్తులు ఒకసారి చూసుకోండి. నాకు ఒక పుస్తకంలో నలభై పేజీలు మళ్లీ దిద్దాల్సి వచ్చింది.

జనవరిలో మా ఊళ్లో పుస్తక మహోత్సవం జరుగుతుంటే స్టాల్ దగ్గర ఒక పెద్దావిడ ఇదంతా విని, “రోజుకి ఎంత వస్తుంది?” అని అడగలేదు. “మరి ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు ఏం చేస్తావమ్మా?” అంది. రాసేవాళ్లకే తడుతుంది ఆ ప్రశ్న.

మార్కులు వెయ్యమంటే అయిదుకి మూడున్నర వేస్తాను. ఈ వాయిస్ టైపింగ్ లేకపోతే రాతే మానేసేదాన్ని, అందుకని ఆ అర కలిపాను. ఇప్పుడు రాస్తున్న నవలలో ఆస్తి పంపకాల దగ్గర తిరగబడే ఒక ఆడపడుచు ఉంది. సగం కథ కారులో చెప్పేశాను. మా ఆడపడుచు శనివారం వస్తోంది, పది రోజులుంటుందట. పెన్నులో కొత్త రీఫిల్ వేశాను.