నిపుల్ కవర్స్: చిన్న సైజు మేలా, పెద్ద సైజు మేలా?

నిపుల్ కవర్స్ అంటే చనుమొన బట్టలోంచి కనబడకుండా దాని మీద పెట్టుకునే బిళ్లలు, ఎక్కువగా జిగురుతో అతుక్కునేవి. మొదటిసారి కొన్నప్పుడు నాకు వచ్చిన ఆలోచన చాలామందికి వచ్చేదే. పెద్దదైతే పోయేదేముంది, ఇంకా బాగా కప్పుతుంది కదా అనుకుని 10 సెం.మీ. జత తెప్పించుకున్నాను. ఆ రోజు వేసుకున్నది ఒంటికి పట్టే పల్చటి టాప్. అద్దానికి ఎదురుగా నిలబడితే అంతా బానే ఉంది. పక్కకి తిరిగేసరికి కిటికీ వెలుతురులో టాప్ మీద రెండు గుండ్రటి గీతలు, లోపల సాసర్లు పెట్టుకున్నట్టు! చనుమొన కనబడకూడదని పెట్టుకుంటే చివరికి కవరే కనబడుతోంది. అక్కడితో ఆగలేదు. మధ్యాహ్నానికి కింది అంచు లేచి లోపలికి మడతపడింది. నలుగురిలో ఉన్నప్పుడు అక్కడ చెయ్యి పెట్టి సర్దుకోలేం, ఊరుకోనూ లేం.

ఆ కోపంతో ఈసారి 6.5 సెం.మీ.వి కొన్నాను. టాప్ కింద అవి ఉన్నట్టే తెలియలేదు. కానీ రాత్రి తీసేటప్పుడు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. మర్నాడు టేపు తీసుకుని కొలుచుకుంటే తెలిసింది. చనుమొన చుట్టూ ఉండే ముదురు రంగు వలయం, అంటే ఏరియోలా, నాకు దాదాపు 5 సెం.మీ. ఉంది. కవర్ మధ్యలో సరిగ్గా పడితే చుట్టూ ముప్పావు సెంటీమీటరు మిగులుతుంది. కాస్త పక్కకి జరిగితే ఒకవైపు అంచు ఆ వలయం మీదే అతుక్కుంటుంది. లాగడం మొదలుపెట్టేది అంచు దగ్గరే కాబట్టి మొదటి దెబ్బ ఆ సున్నితమైన చర్మానికే తగిలింది.

అంటే సైజు చూడాల్సింది ముందు ఇక్కడ. బ్రా కప్పు సైజు కాదు. చాలా ప్యాకెట్ల మీద A నుంచి C కప్పు వాళ్లకి చిన్నది, D, ఆపైన వాళ్లకి పెద్దది అని రాసి ఉంటుంది. అది పూర్తిగా తప్పని కాదు గానీ, దాన్నే నమ్ముకుంటే దెబ్బతింటాం. చిన్న రొమ్ముల మీద పెద్ద వలయం ఉండొచ్చు, పెద్ద రొమ్ముల మీద చిన్నది ఉండొచ్చు. ఒకే మనిషికి రెండు వైపులా ఒకేలా ఉండాలనీ లేదు. రెండూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి.

కొలవడానికి కూడా ఒక వేళ ఉంది. చల్లటి గదిలో, స్నానం చేసి తడిగా ఉన్నప్పుడు కొలిస్తే ఆ చర్మం ముడుచుకుని ఉంటుంది, కొలత తక్కువ వస్తుంది. వెచ్చగా, తీరిగ్గా ఉన్నప్పుడు ఎక్కువ వెడల్పున్న చోట కొలవాలి. దానికి చుట్టూ 1 నుంచి 1.5 సెం.మీ. కలపండి. 4 సెం.మీ. వస్తే 7 సెం.మీ. కవర్ హాయిగా సరిపోతుంది. 5 వచ్చినవాళ్లకి 7 కొంచెం బిగువు, 8 నిశ్చింత. 6 దాటితే 10 వైపు చూడక తప్పదు. గర్భం వచ్చాక ఈ వలయం పెరుగుతుంది. పాత కొలత పట్టుకుని కొనకుండా మళ్లీ కొలుచుకోవడం నయం.

ఇంతవరకూ లెక్క సులువే. పెద్దది కొంటే నష్టమేంటన్న ప్రశ్న దగ్గరే అసలు సంగతి ఉంది. 7 సెం.మీ. కవర్‌కీ 10 సెం.మీ. కవర్‌కీ మధ్య తేడా చూడ్డానికి 3 సెంటీమీటర్లే. వైశాల్యం లెక్కేస్తే మొదటిది దాదాపు 38 చదరపు సెం.మీ., రెండోది 78. అంటే రెట్టింపు. చర్మానికి అతుక్కునే జాగా రెట్టింపు, గాలి తగలని చోటు రెట్టింపు, ఒకే మందమైతే బరువు కూడా రెట్టింపే. బంతి మీద పెద్ద స్టిక్కర్ అతికించి చూడండి, అంచు ఎక్కడో ఒకచోట ముడత పడుతుంది. చిన్న రొమ్ము మీద వంపు త్వరగా తిరిగిపోతుంది కాబట్టి 10 సెం.మీ. కవర్ అక్కడ బంతి మీది స్టిక్కర్‌లాగే ప్రవర్తిస్తుంది. నాకు జరిగింది అదే.

అదే కాస్త నిండుగా ఉన్నవాళ్లకి కథ తిరగబడుతుంది. వంపు నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి పెద్ద కవర్ దాని మీద చక్కగా పరుచుకుంటుంది. చిన్నది పెడితే మధ్యలో బిళ్ల అతికించినట్టు ఒక ఉబ్బు తేలుతుంది. కప్పు సైజు మాటలో ఉన్న నిజం ఇంతే. ఏ సైజు సరిపోతుందో వలయం చెబుతుంది, అంతకన్నా ఎంత పెద్దది తట్టుకోగలదో వంపు చెబుతుంది.

రెండు సైజులూ సరిపోయేలా ఉంటే బట్టని బట్టి తేల్చుకోండి. ఒంటికి పట్టే పల్చటిది అయితే చిన్నది. మెడ లోతుగా ఉన్నా, చంకల దగ్గర ఖాళీ ఎక్కువగా ఉన్నా చిన్నదే, లేకపోతే అంచు తొంగి చూస్తుంది. మందపాటి బట్టో, వదులు టాపో అయితే పెద్దది పెట్టుకున్నా ఎవరికీ తెలియదు. రంగు మాత్రం ఎప్పుడూ ఒంటి రంగుకి దగ్గరగా ఉండాలి. తెల్ల టాప్ కింద తెల్ల కవర్ పెడితే అదే ముందు కనబడుతుంది.

గుండ్రటివా, పూరేకుల్లా ఉండేవా అంటే, పెద్ద సైజు తప్పనిసరైనవాళ్లకి నేను రేకులవే చెబుతాను. రేకుల మధ్య సందులుండడం వల్ల అవి వంపు మీద సర్దుకుంటాయి, ముడత తక్కువ. గుడ్డతో చేసిన వాడి పారేసే రకంలో ఇవి ఎక్కువ. అయితే అవి పల్చన, చనుమొన బాగా పొడుచుకొస్తే సిలికాన్‌వి, అంటే రబ్బరులా మెత్తగా ఉండేవి, దాచినంతగా దాచవు. జిగురు లేనివి బ్రా లోపలే పనికొస్తాయి, వాటికి సైజు టెన్షన్ పెద్దగా అక్కర్లేదు.

సైజు మీద నింద వేసేముందు ఇంకో మాట. స్నానం చేసి లోషన్ రాసుకుని, దాని మీద కవర్ పెట్టి, నిలవడం లేదు, సైజు తప్పింది అనుకునేవాళ్లు ఉన్నారు. నూనె, క్రీము, పౌడరు, చెమట, వీటిలో ఏది ఉన్నా సరైన సైజు కూడా లేచిపోతుంది. చర్మం పొడిగా ఉండాలి. మళ్లీ వాడే సిలికాన్ కవర్‌ని కడిగాక తువ్వాలుతో తుడవకండి, నూగు అంతా జిగురుకి పట్టేస్తుంది. గాలికి ఆరనిచ్చి, కొన్నప్పుడు జిగురు మీద ఉన్న పైపొర తిరిగి అతికించండి. దురద మొదలైతే ఏ సైజైనా వెంటనే తీసేయాల్సిందే. పుండో, పగులో ఉంటే అసలు పెట్టుకోవద్దు.

కొనేటప్పుడు అంగుళాలూ సెంటీమీటర్లూ కలగాపులగం చేసుకోకండి. 3 అంగుళాలంటే 7.6 సెం.మీ., 4 అంగుళాలంటే 10కి కాస్త పైన. నమ్మకం కుదరకపోతే కాగితం మీద 7, 8, 10 సెం.మీ. గుండ్రాలు గీసి, కత్తిరించి, అద్దం ముందు పెట్టి చూసుకోండి. అంచు ఎంత దూరం వస్తుందో, ఎక్కడ ముడత పడుతుందో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

నేను చివరికి 8 దగ్గర ఆగాను. కొలత తెలియకుండా ఏదో ఒకటి చెప్పమంటే కూడా 8 అనే అంటాను, అటూ ఇటూ ఎక్కువమందికి తేడా రాదు. ఆ 10 సెం.మీ. జతని పారేయబుద్ధి కాక, ఒకరోజు కత్తెర పట్టుకుని చుట్టూ కత్తిరించాను. మీరు ఆ పని చేయకండి. సిలికాన్ కవర్ మధ్యలో మందంగా ఉండి అంచుకి వచ్చేసరికి కాగితంలా పల్చబడుతుంది. కత్తిరిస్తే పోయేది ఆ పల్చటి అంచే. మిగిలిన మొద్దు అంచు టాప్ మీద ముందుకన్నా స్పష్టంగా కనబడింది.