మెట్రో పేరు చెప్పి ఫ్లాట్‌కి ఎక్కువ రేటు వేస్తున్నారు, బీరంగూడ–పటాన్‌చెరు వైపు కొనేవాళ్ళు జాగ్రత్త

హైదరాబాద్ శివార్లలో బీరంగూడ, రామచంద్రాపురం, పటాన్‌చెరు వైపు ఫ్లాట్ చూస్తున్నవాళ్ళు దయచేసి ఇది చదివాకే అడ్వాన్స్ కట్టండి. మెట్రో స్టేషన్ మీ గేటు పక్కనే వస్తుందని చెప్పి ఎస్‌ఎఫ్‌టీకి (చదరపు అడుగుకి) ఇంత అని అదనంగా అడిగితే ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మా దగ్గర తీసుకున్నారు. ఇవాళ పొద్దున వెళ్ళి అడిగితే మా నాన్నని పదిమంది ముందు అనకూడని మాట అన్నారు, ఇంకా ఆ కోపంలోనే రాస్తున్నాను. బిల్డర్ పేరు రాయడం లేదు, ఫిర్యాదు వేస్తున్నాం కాబట్టి ఇప్పుడే వద్దని లాయర్ గారు చెప్పారు. ముంబై హైవే మీద వెళ్తూ రైలు బొమ్మ ఉన్న ఆ పెద్ద హోర్డింగ్ చూసినవాళ్ళకి పేరు అక్కర్లేదు.

మా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. మూసాపేటలో అద్దెకుంటాం. నా ఆఫీసు రాయదుర్గంలో, మా ఆయన పని పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో. నాన్నకి పక్షవాతం వచ్చి తగ్గింది కానీ ఎడమ కాలు ఇంకా ఈడుస్తారు, డాక్టర్ కోసం, ఫిజియోథెరపీ కోసం పంజాగుట్టకి వెళ్తూ ఉండాలి. మూసాపేట స్టేషన్‌లో లిఫ్ట్ ఎక్కిన దగ్గర్నుంచి పంజాగుట్టలో కిందికి దిగేదాకా ఆయన ఎవరి చెయ్యీ పట్టుకోవాల్సిన పని లేదు. డెబ్భై దాటిన మనిషి ఒక్కరే వెళ్ళి ఒక్కరే వస్తారు. నేను అదే లైన్లో అమీర్‌పేట దాకా వెళ్ళి అక్కడ మారతాను. 2025 మేలో చార్జీలు పెంచారు, అయినా రోజూ క్యాబ్‌కి పెట్టేదానితో చూస్తే అదే నయం. మాకు కారు లేదు. అందుకని ఇల్లు ఎక్కడ కొన్నా మెట్రోకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉండాలని సేల్స్ ఆఫీసులో మొదటి రోజే చెప్పాం. ఆ మాట పట్టుకునే వాళ్ళు మాకు అమ్మారు.

మాకు చూపించిన కుర్రాడు లామినేట్ చేసిన మ్యాప్ తీసి, మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా ఉన్న గీత చూపించి, ప్రాజెక్టు పక్కన మార్కర్‌తో సున్నా చుట్టి, "అంకుల్, ఇదే మీ స్టేషన్, పొద్దున వాకింగ్‌కి వెళ్ళినట్టు వెళ్ళి రైలెక్కేయొచ్చు, 2028కల్లా నడుస్తుంది" అని నాన్నతోనే చెప్పాడు. కాస్ట్ షీట్‌లో బేస్ రేటు, ఫ్లోర్ రైజ్, ఈస్ట్ ఫేసింగ్, కార్ పార్కింగ్ అన్నీ అయ్యాక లొకేషన్ చార్జ్ అని ఎస్‌ఎఫ్‌టీకి 400 వేశారు. ఇదేంటని అడిగితే "అదే మేడం, మెట్రోది" అన్నాడు. నోటితో అనడమే కాదు, నాకు వాట్సాప్‌లో కూడా పంపాడు. 1,250 ఎస్‌ఎఫ్‌టీకి అది 5 లక్షలు. ఉగాది ఆఫర్ అయిపోతోందని తొందరపెట్టి, అగ్రిమెంట్ కాకముందే మొత్తం 12 లక్షలు కట్టించుకున్నారు. ఫ్లాట్ ధర 75 లక్షలు.

పోయిన వారం అగ్రిమెంట్ డ్రాఫ్ట్ పంపారు. అందులో మెట్రో అన్న మాటే లేదు. పైగా లోపల ఎక్కడో ఒక క్లాజు పెట్టారు. బ్రోచర్లు, ప్రకటనలు, సిబ్బంది నోటిమాటలు చూసి నేను ఈ ఫ్లాట్ కొనడం లేదని నేనే ఒప్పుకుని సంతకం పెట్టాలట! లాయర్ గారు ఆ పేజీ చూపించినప్పుడు నాకు కాళ్ళు చల్లబడ్డాయి. ఆ క్లాజు తీసేయండి, లేకపోతే లొకేషన్ చార్జ్ అయినా తీసేయండి అని మెయిల్ పెట్టాను, జవాబు లేదు. అందుకే ఇవాళ నేను, మా ఆయన, నాన్న ముగ్గురం వెళ్ళాం. నాన్నని రావద్దన్నాను, నాతోనే కదా చెప్పాడు, నేనూ అడుగుతానన్నారు.

ఆ కుర్రాడు మానేశాడట. మేనేజర్ అని ఇంకొకాయన వచ్చి కూర్చున్నాడు. విషయం చెప్పగానే "మెట్రో ఏమైనా మేం వేస్తామా మేడం? గవర్నమెంట్‌ని అడగండి" అన్నాడు. మరి దాని పేరు మీద 5 లక్షలు మీరెందుకు తీసుకున్నారని అడిగాను. "షీట్‌లో మెట్రో అని ఎక్కడుంది? లొకేషన్ అని ఉంది. లొకేషన్ ఎక్కడికీ పోలేదు కదా" అన్నాడు. వాట్సాప్ మెసేజ్ తీసి చూపిస్తే ఫోన్ వైపు కూడా చూడలేదు, వెళ్ళిపోయిన స్టాఫ్ పంపిన వాటికి కంపెనీకి సంబంధం లేదన్నాడు. అప్పటిదాకా మౌనంగా ఉన్న నాన్న "బాబూ, స్టేషన్ లేకపోతే నేను హాస్పిటల్‌కి ఎట్లా పోవాలి? దానికోసమే గదా ఇక్కడ తీసుకున్నది" అని అడిగారు. ఎంత నెమ్మదిగా అడిగారో! దానికి ఆ మనిషి కుర్చీలో వెనక్కి వాలి, నవ్వుతూ అన్న మాట ఇది: "ఏం పెద్దాయనా, మెట్రో కోసం ఎవరైనా ఫ్లాట్ కొంటారా? 75 లక్షలు పెట్టేవాళ్ళు ఒక కారు కొనుక్కోవాలి, డ్రైవర్‌ని పెట్టుకోవాలి. అంత లేనప్పుడు మీ రేంజ్‌కి తగ్గ చోట చూసుకోవాల్సింది."

ఆ మాట నేను మర్చిపోలేను. జీవితమంతా బస్సుల్లో తిరిగి మమ్మల్ని చదివించిన మనిషిని పట్టుకుని రేంజ్ గురించి మాట్లాడతాడా? బుక్ చేసే రోజు ఇదే ఆఫీసులో ఆయనకి కుర్చీ జరిపి, కొబ్బరినీళ్ళు ఇచ్చి, అంకుల్ అంకుల్ అని తిరిగారు. డబ్బు అకౌంట్లో పడ్డాక పెద్దాయన అయిపోయారు. నాన్న ఏమీ అనకుండా కర్ర అందుకుని లేచారు. మేం బయటికి వస్తుంటే పక్క టేబుల్ దగ్గర ఒక జంట కూర్చుని ఉన్నారు, ఆమె ఒళ్ళో చంటిపిల్ల. వాళ్ళ ముందు అదే మ్యాప్, ప్రాజెక్టు పక్కన అదే సున్నా. నేను ఆగి "మెట్రో గురించి రాసివ్వమనండి" అన్నాను, సెక్యూరిటీని పిలిచారు. ఆ జంట కోసమే ఈ పోస్ట్ అనుకోండి.

ఆ లైన్ అసలు ఎక్కడుందో ఇప్పుడు చెప్తాను, ఎందుకంటే సేల్స్ ఆఫీసులో ఎవరూ చెప్పరు. మెట్రో రెండో దశలో 5 కారిడార్లు, 76.4 కిలోమీటర్లు, అంచనా 24,269 కోట్లు. అందులో మియాపూర్–పటాన్‌చెరు 13.4 కిలోమీటర్లు. ఖర్చులో రాష్ట్రం వాటా 30 శాతం, కేంద్రానిది 18 శాతం, 48 శాతం అప్పులు, మిగతాది ప్రైవేటు భాగస్వామ్యం. అంటే కేంద్రం సరే అనకపోతే డబ్బులో పెద్ద భాగం కదలదు. డీపీఆర్‌లు, అంటే ప్రాజెక్టు పూర్తి నివేదికలు, 2024 నవంబర్‌లో ఢిల్లీకి వెళ్ళాయి, నేను ఇది రాసే సమయానికి ఆమోదం రాలేదు. వచ్చాక టెండర్లు, ఆస్తుల సేకరణ, హైవే మధ్యలో పిల్లర్లు, ఇవన్నీ ఉంటాయి. స్టేషన్ సరిగ్గా ఎక్కడ పడుతుందో బిల్డర్ మార్కర్‌తో చుట్టి చెప్పగలిగే విషయం కాదు. ఈలోగా మొదటి దశ కట్టిన ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, రాష్ట్రమే దాన్ని తీసుకోవడానికి 2025 సెప్టెంబర్‌లో ఒప్పుకున్నారు. ఆ లెక్కలు తేలడం కూడా రెండో దశతో ముడిపడిన విషయమే.

పాత సంగతులు చూసినా తెలుస్తుంది. మొదటి దశ కాంట్రాక్ట్ 2008లో మేటాస్‌కి ఇచ్చారు, అది సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబానిదే, సత్యం కుంభకోణం తర్వాత 2009లో రద్దయింది. మళ్ళీ ఎల్ అండ్ టీతో 2010లో ఒప్పందం జరిగితే మొదటి రైలు నడిచింది 2017 నవంబర్‌లో. జేబీఎస్–ఎంజీబీఎస్ ముక్క తెరిచేసరికి 2020 ఫిబ్రవరి. అదే లైన్లో ఫలక్‌నుమా దాకా వెళ్ళాల్సిన 5.5 కిలోమీటర్లు మొదటి దశలోనే ఉన్నా పాతబస్తీకి రైలు రానే లేదు, ఇప్పుడు రెండో దశలో చాంద్రాయణగుట్ట దాకా పొడిగించి మళ్ళీ పెట్టారు. ఇంకా ఘోరం ఎయిర్‌పోర్ట్ లైన్‌ది. రాయదుర్గం నుంచి శంషాబాద్ దాకా 31 కిలోమీటర్లు, 6,250 కోట్లు, 2022 డిసెంబర్ 9న సాక్షాత్తు ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. ఏడాది తర్వాత ప్రభుత్వం మారింది, ఆ దారి వద్దని నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వేరే దారి తీసుకున్నారు. నార్సింగి వైపు ఆ స్టేషన్లు చూసుకుని కొన్నవాళ్ళ సంగతేంటి? శంకుస్థాపన జరిగిన లైనే మారినప్పుడు, కేంద్రం ఆమోదమే రాని లైన్‌కి ఇప్పుడే మన దగ్గర చార్జ్ ఎలా వసూలు చేస్తారు?

విజయవాడ, వైజాగ్‌లో కొనేవాళ్ళకి కూడా ఇదే చెప్తున్నాను. 2014 విభజన చట్టంలో ఆ రెండు చోట్లా మెట్రో సాధ్యాసాధ్యాలు చూడాలని రాశారు, పదేళ్ళు దాటినా ఒక్క రైలు నడవలేదు.

నన్ను అపార్థం చేసుకోకండి, పటాన్‌చెరు లైన్ రావాలి, త్వరగా రావాలి. మా ఆయన లాగా ఎన్ని వేలమంది ఆ ఫ్యాక్టరీలకి వెళ్తారో పొద్దున 218 బస్సు చూస్తే తెలుస్తుంది, ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టే చోటు ఉండదు. 2019 ఆర్టీసీ సమ్మె తర్వాత సిటీలో చాలా బస్సులు తీసేశారు. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకి ప్రయాణం ఉచితం చేశారు, అది చాలా మంచి పని, ఇళ్ళలో పనిచేసే ఎంతోమందికి నెలకి ఎంత మిగులుతోందో నాకు తెలుసు, కానీ ఎక్కేవాళ్ళు పెరిగినంతగా బస్సులు పెరగలేదు. లింగంపల్లి నుంచి ఎంఎంటీఎస్ లోకల్ రైలు 2003 నుంచీ ఉంది, రైళ్ళ మధ్య ఖాళీ ఎక్కువ, హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగినా ఆఫీసు చేరడానికి మళ్ళీ ఆటో. ఆ ప్రాజెక్టు నుంచి మియాపూర్ మెట్రోకి వెళ్ళాలంటే షేర్ ఆటోనే దిక్కు, చందానగర్ దగ్గర ఇరుక్కుంటే ఎప్పుడు బయటపడతామో తెలియదు. నాన్నని ఆ షేర్ ఆటోలో ఎలా కూర్చోబెట్టను? రవాణా లేని చోట అది వచ్చేస్తోందని చెప్పి ఇల్లు అమ్మడం అంటే మనిషి బతుకుతెరువుతో, ఆరోగ్యంతో ఆడుకోవడమే. ఈ నగరంలో కారు లేనివాళ్ళు ఎక్కడ ఉండాలో నిర్ణయించడానికి ఆ మేనేజర్ ఎవరు?

ఇప్పుడు వాళ్ళు చెప్పే మాట, క్యాన్సిల్ చేసుకుంటే 3 లక్షలు పట్టుకుంటారట, మిగతాది ఆ ఫ్లాట్ ఇంకొకరికి అమ్ముడయ్యాక ఇస్తారట. మేం ఒప్పుకోవడం లేదు. లాయర్ గారు చెప్పినదాని ప్రకారం ఇళ్ళు కొనేవాళ్ళకి రక్షణగా తెచ్చిన 2016 నాటి రెరా చట్టంలో 12వ సెక్షన్ ఉంది. ప్రకటనలోనో బ్రోచర్‌లోనో ఉన్న తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోతే పరిహారం ఇవ్వాలి, కొన్నవాళ్ళు తప్పుకుంటామంటే కట్టిందంతా వడ్డీతో తిరిగివ్వాలి. 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. మా దగ్గర 75 లక్షల మీద 12 లక్షలు తీసుకున్నారు, లెక్క మీరే చూడండి. బ్రోచర్, కాస్ట్ షీట్, వాట్సాప్ మెసేజ్, బ్యాంక్ స్టేట్‌మెంట్ అన్నీ పెట్టి తెలంగాణ రెరాలో ఫిర్యాదు ఈ వారమే వేస్తున్నాం.

కొనేవాళ్ళకి చెప్పాల్సింది కొంచెమే. ఇవాళ నడుస్తున్న బస్సు, ఇవాళ నడుస్తున్న రైలు చూసుకుని కొనండి, ఆఫీసు టైములో ఒకసారి అక్కడి నుంచి మీ ఆఫీసుకి నిజంగా వెళ్ళి చూడండి. స్టేషన్ గురించి ఏం చెప్పినా అగ్రిమెంట్‌లో రాయమనండి, రాయనంటే ఆ డబ్బు రేటులోంచి తీసేయమనండి. అగ్రిమెంట్ ముందు 10 శాతం దాటి ఇవ్వకండి. డ్రాఫ్ట్ చేతికి వచ్చాక మీ లాయర్‌తో చదివించండి, వాళ్ళు చూపించే లాయర్‌తో కాదు.

ఇదే ప్రాజెక్టులో లొకేషన్ చార్జ్ కట్టినవాళ్ళు ఉంటే నాకు మెసేజ్ చేయండి, అందరం కలిసి వేస్తే బలం ఉంటుంది. వాళ్ళ సైట్‌లో ఉన్న బ్రోచర్ ఈ రాత్రే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఇవాళ గొడవ అయింది కాబట్టి రేపటికి అందులోంచి రైలు బొమ్మ తీసేసినా తీసేస్తారు.