నెబ్రాస్కా మంచు తుపానులో 189 డాలర్ల గది

ఫోనులో 79 డాలర్లు చూపించిన గదికి కౌంటరు దగ్గర 189 డాలర్లు గుంజారు. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

అమెరికాలో డెన్వర్ నుంచి నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాకు కారులో బయలుదేరాం: నేను, మా ఆవిడ, అత్తయ్యగారు, ఎనిమిదేళ్ల మా అమ్మాయి. రాకీ పర్వతాలు దిగి తుపాను మా వెనకే తూర్పుకు వస్తోందని తెలుసు. అది అందుకునేలోపే చేరిపోతాం అనుకోవడం నా తప్పు. దారిలో ఓగల్లాలా అనే ఊరి దాకా ఎండే.

ఆ తర్వాత గాలి లేచింది. ఆకాశం నుంచి పడిన మంచు కొంచెమే, పొలాల మీద నుంచి ఎగిరి వచ్చిందే ఎక్కువ. ఆ మైదానంలో మొక్కజొన్న మోళ్లు తప్ప గాలికి అడ్డేముంది? మొదట తారు మీద సన్నటి తెల్లని పాయలు పాకాయి. పావుగంటలో ముందున్న లారీ ఎర్ర దీపాలు కూడా మాయమయ్యాయి. గంటకు 35 మైళ్ల గాలి, పావు మైలు లోపు చూపు మూడు గంటలపాటు ఉంటే అక్కడ దాన్ని బ్లిజార్డ్ అంటారు. పోలీసులు 80వ నంబరు ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాల మీదుగా పోయే పెద్ద రహదారి) మీద గేట్లు దించి, దారి మూసేసి, అందరినీ ఒక చిన్న ఊళ్లోకి మళ్లించారు. "పొద్దున్నే బయలుదేరదామన్నాను కదా నాయనా" అన్నారు అత్తయ్యగారు. మా ఆవిడ మాట్లాడనే లేదు.

ఊళ్లో ఉన్నది ఒకటే మోటెల్. రేటు ఎందుకు పెరిగిందని అడిగితే, "వెనక ఇంకా కార్లు వస్తున్నాయి" అన్నాడు అక్కడి మనిషి. నలుగురికీ రెండే తువ్వాళ్లు. హీటరు పెద్దగా మోగేది గాని వేడి రాదు. కిటికీ సందులోంచి దూరిన మంచుపొడి తెల్లారేసరికి గట్టు మీద వేలెడు మందాన పేరుకుంది. రోడ్డు మీద గేట్లు పడే సూచన కనిపించగానే, కారులో ఉండగానే ఫోనులో డబ్బు కట్టేయండి. కౌంటరు దాకా వెళ్లి బేరమాడకండి.

ఆ రాత్రిని నిలబెట్టింది ఎదురుగా ఉన్న చిన్న హోటలు. చిల్లీ (మాంసం, చిక్కుడుగింజలతో చేసే కారం కూర), పక్కన తీపి దాల్చినచెక్క రొట్టె, ప్లేటు 9 డాలర్లు. కారం, తీపి కలిపి తినడం నెబ్రాస్కావాళ్లకు బడి రోజుల నుంచీ అలవాటట. మాంసం ముట్టని అత్తయ్యగారి కోసం యజమానురాలు విడిగా చిక్కుడుగింజలు ఉడికించి పెట్టింది. దానికి పైసా తీసుకోలేదు. పక్క బల్ల దగ్గరి ముసలి రైతు 1888 జనవరి 12 గురించి చెప్పాడు. ఆ రోజు తుపాను బడి నుంచి ఇళ్లకు బయలుదేరిన పిల్లల్ని కూడా పొట్టన పెట్టుకుందట. ఇంటి నుంచి పశువుల కొట్టం దాకా తాడు కట్టి, దాన్ని పట్టుకుని నడిచేవారట. మా అమ్మాయి తినడం ఆపేసి విన్నది.

ఈ దారిలో చలికాలం వెళితే ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి, 511కి ఫోను చేసి రోడ్డు సంగతి కనుక్కోండి. కారు మంచులో చిక్కుకుంటే, పొగగొట్టం చుట్టూ మంచు తీయకుండా ఇంజను వేయకండి, విషవాయువు లోపలికి వస్తుంది.

మర్నాడు పదకొండు గంటలకు గేట్లు ఎత్తారు. అత్తయ్యగారు ఆ రొట్టె ఇంకొకటి కట్టించుకుని, లింకన్ దాటేదాకా ఒళ్లోనే పెట్టుకున్నారు.