సంతలో అరచేతిలో కదలకుండా కూర్చున్న కోడిని చూసి మచ్చికైంది అనుకోకండి

ఒడిశాలోని గుణుపురం, కాశీనగర్, పర్లాకిమిడి వైపు పెరటి కోళ్లు పెంచే మనవాళ్లందరికీ ఇది హెచ్చరిక. "చేతిమీద పెరిగిన కడక్‌నాథ్ (నల్లకోడి జాతి) పెట్టలు, చంటిపిల్లలు కూడా ఎత్తుకోవచ్చు" అని చెప్పి వారపు సంతలో మామూలు ధరకి రెట్టింపు తీసుకుంటున్నారు. మేమూ కొన్నాం. అమ్మినవాడి పేరు రాయను. అమ్మే పద్ధతి మాత్రం రాస్తాను, అది మీకు కనిపిస్తే కొనకుండా వచ్చేయండి.

గంపలోంచి పెట్టను కాళ్లు పట్టి తలకిందులుగా తీస్తాడు. వెల్లకిలా తిప్పి, రొమ్ము మీద చెయ్యి వేసి కొద్దిసేపు అదిమిపెట్టి, మన చేతిలో ఉంచుతాడు. అది కదలదు. "చూశారా బాబూ, ఎంత సాధువో" అంటాడు. అది సాధుగుణం కాదు, భయంతో బిగుసుకుపోవడం. పిల్లి నోటికి చిక్కిన కోడి చచ్చినట్టు పడి ఉండేది కూడా అందుకే. కోళ్ల బెదురును కొలవడానికి పరిశోధకులు చేసే పరీక్ష కూడా దాదాపు ఇదే: వెల్లకిలా పడుకోబెట్టి, కాసేపు పట్టుకుని వదిలేసి, ఎంతసేపటికి లేస్తుందో చూస్తారు. ఎంత ఎక్కువసేపు పడి ఉంటే అంత పిరికిది. అంటే అతను మచ్చిక అని చూపించి డబ్బు తీసుకునేది బెదురుకే.

ఇంటికి తెచ్చి గంప తీయగానే కొన్ని రేకుల కప్పు ఎక్కాయి, కొన్ని తడక దాటి పొలంలోకి పోయాయి. అంతవరకైతే సర్దుకునేవాళ్లం. ఆ వారంలోనే పక్క వీధి పెళ్లి ఊరేగింపులో టపాసులు పేలాయి. చీకట్లో కోళ్లన్నీ ఒకే మూలకి ఎగబడ్డాయి. తెల్లారి చూస్తే అడుగునున్నవి ఊపిరాడక చచ్చిపోయి ఉన్నాయి. మా అమ్మ నూకలు చల్లి చేరదీసుకుంటున్న పెట్ట కూడా వాటిలో ఉంది. ఫోన్ చేస్తే "మీ ఇంటి గాలి పడలేదు" అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు.

అవి కడక్‌నాథ్ కూడా కావు. అది మధ్యప్రదేశ్‌లోని ఝాబువా జాతి, 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతానిది అని ఇచ్చే అధికారిక గుర్తింపు) వచ్చింది. దానికి చర్మం, కాళ్లు, నాలుక కూడా నల్లగా ఉంటాయి. వీటికి ఈకలు మాత్రమే నలుపు. కాళ్లు పసుపు, చెవితమ్మెలు తెలుపు, ఒళ్లు తేలిక. లెగ్‌హార్న్ కలిసిందని మా అనుమానం. లెగ్‌హార్న్ గుడ్లకి మంచిదే, కానీ చిన్న చప్పుడుకే ఎగిరిపడే జాతి.

బెదురు తగ్గించడం సాధ్యమే, దానికి తరాలు పడుతుంది. స్వీడన్‌లోని లింకోపింగ్ విశ్వవిద్యాలయంలో ఎర్ర అడవికోళ్లలో మనిషికి తక్కువ బెదిరేవాటినే ఎంచి జతకడుతూ వచ్చారు. కొన్ని తరాల్లోనే వాటి సంతానానికి బెదురు తగ్గింది, ఒళ్లు కూడా పెరిగింది. కాబట్టి "మచ్చిక జాతి" అని ఎక్కువ ధర చెప్పేవాణ్ణి వాటి తల్లిదండ్రి కోళ్లను, ముఖ్యంగా పుంజును చూపించమనండి. ఒక్క పుంజు ఎనిమిది పది పెట్టల పిల్లలకి తండ్రి అవుతుంది. మనిషి మీదికి ఎగబడే పుంజు ఎంత అందంగా ఉన్నా వద్దు. (పందెం జాతి అయిన అసీల్ సంగతి వేరు. సాటి పుంజుతో ప్రాణం పోయేదాకా పోరాడుతుంది కానీ యజమాని చేతిలో నిదానంగానే ఉంటుంది.) కోళ్లను పగటిపూట, వాటి దొడ్లోనే చూడండి. గింజలు చల్లి, ఒక తువ్వాలు నేలమీద పడేయండి. చెదిరిపోయినవాటిలో ముందుగా తిరిగొచ్చి తినేవే మీకు కావాల్సినవి. దొడ్డికి తీసుకెళ్లనంటే బేరం ఆపేయండి.

ఇప్పటికే కొన్నవాళ్లు ముందు గూడు మూలలకి తడక గుండ్రంగా వంచి కట్టండి, పోగుపడి చావకుండా ఉంటాయి. పట్టుకోవాలంటే రాత్రి, మసక వెలుతురులో, రొమ్ము కింద అరచెయ్యి పెట్టి రెక్కలు మూసి ఎత్తండి. ఒక రెక్క పొడవు ఈకలు మాత్రమే కత్తిరిస్తే చాలు, నొప్పి ఉండదు, తడక దాటలేవు. లోపలికి వెళ్లేముందు తలుపు మీద మెల్లగా తట్టండి. మేత రోజూ ఒకే మనిషి, ఒకే వేళకి వేయాలి. కొక్కెర తెగులు టీకా వేశారో లేదో అడిగి, కనీసం రెండు వారాలు ఇంటి కోళ్లతో కలపకండి. ఎదిగిన పెట్టలు కొంతవరకే మారతాయి. పుట్టిన మొదటి వారాల నుంచి మెల్లగా చేతిలోకి తీసుకుంటూ పెంచిన పిల్లలైతే బాగా అలవాటవుతాయి. అందరికంటే ముందు బెదిరే పెట్టల కాళ్లకి రింగు వేసి పెట్టుకోండి. వాటి గుడ్లు కూరకి వాడండి, పొదిగించకండి.