ఆరేళ్లు వాడాక చెబుతున్నా: కూరగాయల మడికి క్రాప్ కవర్

మా పెరట్లో నాలుగు మడులున్నాయి. మొక్కలకు చలి తగలకుండా వాటి మీద కప్పడానికి తెల్లటి క్రాప్ కవర్ కొని ఆరేళ్లయింది. చూడ్డానికి పల్చటి గుడ్డలా ఉంటుంది కానీ నేసింది కాదు. పాలీప్రొపిలీన్ పోగుల్ని వేడితో అతికించి చేస్తారు. గాలి, నీరు, వెలుతురు లోపలికి వెళ్తాయి. ఇప్పుడు అది లేకుండా నారు నాటాలంటే నాకు మనసొప్పదు.

నా దగ్గర రెండు రకాలున్నాయి, 19 జీఎస్‌ఎం, 50 జీఎస్‌ఎం. చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె చెబుతుంది. పల్చనిది వెలుతురును దాదాపు 85 శాతం రానిస్తుంది, చలిని మాత్రం రెండు డిగ్రీల వరకే ఆపుతుంది. మందంది మూడు నాలుగు డిగ్రీలు ఆపుతుంది గానీ వెలుతురు సగమే లోపలికి వెళ్తుంది. మొదటి ఏడాది మందందే పగలూ రాత్రీ ఉంచేశాను. పాలకూర కాడలు సాగిపోయి ఆకులు పాలిపోయాయి. ఇప్పుడు పల్చనిది అలాగే ఉంచి, మంచు పడే రాత్రులు మందంది పైన వేసి పొద్దున్నే తీసేస్తున్నాను.

ఆ ఏడాదే ఇంకో దెబ్బ తగిలింది. గుడ్డను పైకెత్తి పట్టే వంపులు లేకుండా నేరుగా మొక్కల మీద పరిచాను. తెల్లవారి లేపి చూస్తే, టమాటా నారు కొసలు గుడ్డకు తగిలిన చోటల్లా నల్లబడి, ఉడికించిన ఆకులా మెత్తగా వేలాడుతున్నాయి. దానికి బెత్తెడు కింద ఉన్న ఆకు పచ్చగా, నిటారుగా ఉంది. ఆ రోజే పైపు ముక్కలు వంచి మీటరుకొకటి గుచ్చాను. మళ్లీ అలా జరగలేదు.

రాత్రి లోపల ఉండే వెచ్చదనం నేల నుంచి వచ్చేదే. తడి నేల పగటి వేడిని బాగా దాచుకుంటుంది కాబట్టి పొద్దున్నే నీళ్లు పెట్టి, ఎండ పోకముందే కప్పేస్తాను.

లాభమెంత అంటే, నాకు నారు రెండు మూడు వారాలు ముందే మడిలోకి వెళ్తోంది. సీజన్ చివర ఆకుకూరలు ఇంకో నెల వస్తున్నాయి. అయితే పగటి నిడివి పది గంటల కన్నా తగ్గే చోట మొక్క దాదాపు ఎదగడం ఆపేస్తుంది, ఎన్ని పొరలు కప్పినా అంతే. అప్పటికే ఎదిగిన పంటను గుడ్డ పాడవకుండా ఉంచుతుందంతే. అందుకని ముందుగానే విత్తుకోవాలి. ఇది తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

ప్లాస్టిక్ షీటు కూడా ఒక సీజన్ వాడాను. వేడి బాగా పడుతుంది, కానీ ఎండ కాసిన రోజు పక్కలు తెరవడం మరిచిపోతే మధ్యాహ్నానికి నారు వాడిపోతుంది. పగలంతా ఇంట్లో లేనివాళ్లకి ఆ టెన్షన్ ఎందుకు? గుడ్డే నయం.

లోపాలూ ఉన్నాయి. గాలికి అంచులు లేచిపోతాయి, ఇసుక సంచులు పెట్టాల్సిందే. పల్చనిది రెండు సీజన్లకే చిరుగుతోంది, ఇప్పుడున్నది మూడోది. లోపల పేనుబంక చేరితే దాన్ని తినే పురుగులు రాలేవు, వారానికోసారి లేపి ఆకుల అడుగు చూడాలి. దోస, గుమ్మడి పాదులు పూతకు రాగానే తీసేయాలి, లేకపోతే తేనెటీగలు రాక పిందెలు నిలవవు.

కొనేటప్పుడు వెడల్పు చూసుకోండి. మీటరు పైన జానెడు వెడల్పున్న నా మడులకి, వంపులు మోకాలి ఎత్తు కావడంతో, రెండు మీటర్ల గుడ్డ చాల్లేదు. అంచులు అణచడానికి రెండు పక్కలా మూరెడు మిగలాలి.